అయిదో మాట

"జర తక్కువ చెప్పు బిడ్డా. పొద్దటిసంది గొంతుల చుక్క నీళ్లు పడలే," అంది గట్టమ్మ, కొడుకు చెయ్యి పట్టుకుని చర్చి మెట్లెక్కుతూ.

యోహాను తలూపాడు గానీ, వింటేగా! గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం స్టేషన్ ఘన్‌పూర్‌లోని ఆ చర్చిలో ఆనవాయితీ. అయిదో మాట, అంటే దాహమైతున్నదని చెప్పేది, ఈసారి యోహాను వంతు. కిందటేడు ఇదే మాట మీద ఎల్లయ్య చెప్తే జనమంతా కండ్లు తుడుచుకున్నారు. గట్టమ్మ అయితే కనబడ్డవాళ్లకల్లా ఆ ముచ్చటే చెప్పింది. కన్నకొడుకును మాత్రం ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ బాధ యోహానుకు లోపల్లోపల ఉండనే ఉంది.

"మంచిగ చెప్తే నువ్వు సుత ఏడుస్తవు గద అవ్వా?"

"తేనె ఎక్కువ తింటే కక్కుకుంటరని బైబిల్ల నువ్వే సదివి వినిపిస్తివి. మెప్పు గూడ గంతే బిడ్డా."

షుగరున్న మనిషివి, నీళ్లన్నా తాగమని పొద్దున యోహానే బతిమాలాడు. ఉపవాసం ఉపవాసమే, ఆరాధన అయినంకనే తాగుతానంది.

కొద్దిసేపు చాలన్నాడు పాస్టరు. యోహాను ఎడారిలో మొదలుపెట్టి, బైబిల్లోని బావులన్నీ తిరిగి, సిలువ దగ్గరికి వచ్చేసరికి పైన రేకులు సెగలు కక్కుతున్నాయి. పాస్టరు దగ్గాడు, మళ్లీ దగ్గాడు. ఉపవాసంతో సొమ్మసిల్లిన జనం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. ఎంత మైమరిచిపోయారో అనుకున్నాడు మనవాడు. ముందు వరసలో, గోడకు ఆనుకుని కూర్చున్న గట్టమ్మ కండ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

ఇట్లా కాదని ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరినీ కండ్లు మూసుకోమన్నాడు. తాను మాత్రం ఓరకంట అవ్వనే చూస్తూ, ప్రభువు ఎండిన పెదవుల గురించి గొంతు వణికించి మరీ చెప్పాడు. గట్టమ్మ తల మెల్లగా గుండెల మీదికి వాలింది. చేతిలో బైబిలు ఒళ్లోకి జారింది.

అమ్మయ్య, కరిగింది! యోహానుకు కండ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేండ్లకు తన మాటకు అవ్వ తలవంచింది. ఇప్పుడు ఆపడానికి మనసెట్లా వస్తుంది? ఆమె కోసమే ఇంకో ప్రార్థన చేశాడు. దాని మీద ఇంకోటి. ఆఖరికి పాస్టరే గట్టిగా "ఆమేన్" అనేశాడు.

అందరూ కండ్లు తెరిచారు, గట్టమ్మ తప్ప.