తలుపు లేని ఫ్రిజ్

"తలుపు ఊడదీసి పెడతానమ్మా. డబ్బులేం వద్దు."

పాత సామాన్లు కొనే పెద్దాయన ఆ మాట అనగానే ఇల్లాలికి ఎక్కడలేని అనుమానం వచ్చింది. ఊరికే చేసి పెడతానంటే నమ్మే రోజులా ఇవి?

"ఫ్రిజ్ అమ్మటం లేదన్నానుగా. పాడైతే ఏం, అరలు తీసేసి దిళ్ళు, దుప్పట్లు పెట్టుకుంటాను."

"పెట్టుకోండి. తలుపు మాత్రం వద్దు. గడియ పడే పాత రకం ఇది, లోపల్నుంచి తెరుచుకోదు. పిల్లలున్న ఇల్లు."

"మా పాప సంగతి మేం చూసుకుంటాంలే. నువ్వు బయల్దేరు."

పొమ్మంటే పోడే, జిడ్డు మనిషి. చివరికి ఆమే గేటు వేసేసింది.

మర్నాడు బజారు నుంచి వచ్చేసరికి పెరటి వసారాలో ఫ్రిజ్ తలుపు గోడకు చేరేసి ఉంది. బందులు మాయం. మళ్ళీ బిగించే దారి లేదు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పట్టపగలు దొంగతనమా? పెద్దవాడివని ఊరుకుంటున్నాను" అంటూ ఆయన్ని వీధి మధ్యలో నిలబెట్టి దులిపేసింది. వీధి వాచ్‌మన్ ఆయన తోపుడు బండిని సందు చివరిదాకా నెట్టుకుపోయి, మళ్ళీ కనిపిస్తే పోలీసులకు చెప్తానన్నాడు.

ఆయన తల వంచుకుని బండి వెనకే నడిచాడు.

నెల తిరగలేదు. ఓ మధ్యాహ్నం పాప కనిపించలేదు.

"దాగుడుమూతలాడుతున్నాం ఆంటీ. ఎంత వెతికినా దొరకట్లేదు" అన్నారు పక్కింటి పిల్లలు.

మంచాల కింద, మేడ మీద, వీధి వీధంతా గాలించారు. చివరికి ఆమె పెరటి వసారాలోకి పరిగెత్తింది.

పాప ఫ్రిజ్‌లో, దిళ్ళ మీద ముడుచుకుని ఆదమరిచి నిద్రపోతోంది.

బిడ్డను గుండెకు హత్తుకుని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. తలుపే ఉండి ఉంటే అన్న మాట పైకి అనడానికి కూడా భయమేసింది.

ఆ సాయంత్రమే పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన పాత సామాన్ల కొట్టు మూసి ఉంది.

"పోయిన వారమే కన్నుమూశాడమ్మా" అన్నాడు పక్క కొట్టు టైలర్.

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది.

"క్షమించమని అడుగుదామని వచ్చాను. అంత పట్టుదల ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే వినేదాన్ని కదా."

"చెప్పబోతే గొంతు పూడుకుపోయేదమ్మా" అన్నాడు టైలర్. "ఆయన అసలు బడిపంతులు, ఒక్కగానొక్క కూతురు పాత ఫ్రిజ్‌లో దాక్కుని మళ్ళీ బయటికి రాలేదు, ఆ ఏడే ఉద్యోగం మానేసి ఈ బండి పట్టాడు."