తెల్లచొక్కా

"మీవారు రావాల్సిందేనండి. ఆయన రాకుండా మేం డేటివ్వం" అంది కౌన్సెలరమ్మాయి మళ్ళీ.

సత్యకుమారి తలూపి, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని మెల్లగా లేచింది.

రాజమండ్రిలోని ఆ ఆసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషనంటే పొట్ట చిన్నది చేసి పంపించేయడం కాదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కొంచెం కొంచెంగా తినాలి, మందులు మర్చిపోకూడదు, నీరసపడితే పట్టుకునే మనిషుండాలి. అందుకే ముందు మొగుడూపెళ్ళాల్ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడతారు. సత్యకుమారికి షుగరుంది. మోకాళ్ళు అరిగాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఇంకా ఆలస్యం చేస్తే అది ఆగినచోటే ఆగిపోవచ్చని పెద్ద డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఉదయభాస్కర్‌ది రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారం. ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుందని ఊరంతా నవ్వుతుందన్నాడు. నిద్రలో ఊపిరాగడమేంటి, నాకెప్పుడూ వినపళ్ళేదే అన్నాడు. ఎలా వినపడుతుంది పాపం! గురక భరించలేనని మంచం హాల్లోకి మార్చుకుని ఏళ్ళయింది కదా.

ఆవిడ ఊరుకోలేదు. ఇష్టమని చింతచిగురు రొయ్యలు వండిపెట్టి అడిగింది. తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. తన అన్నగారిని పిలిపించి చెప్పించింది. బావగారికి కాఫీ ఇప్పించి, ఓ చక్కెరకేళీ గెల చేతిలో పెట్టి సాగనంపాడు. ఇక ఉండబట్టలేక ఓ పొద్దున తనే మార్కెట్‌కి వెళ్ళింది.

కూలీలందరి ముందూ ఆయన నవ్వుతూ కాటా చూపించాడు.

"ఖాళీగానే ఉంది. ఎక్కు, చూద్దాం."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది, నవ్వకపోతే బాగోదని. గంగయ్య ఆటో ఎక్కాక మాత్రం ఇల్లొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. ఎక్కడికెళ్ళినా ఆవిడకి గంగయ్య ఆటోయే గతి. షేర్ ఆటోవాళ్ళు ఇద్దరి చోటు పడుతుందని మొహంమీదే అంటారు. మొగుడి బండి మీద చోటు ఎప్పుడో పోయింది.

బుధవారం భోజనాల దగ్గర ఆఖరిసారి అడిగింది.

"మీరేం చెయ్యక్కర్లేదండి. ఒక్క గంట వచ్చి నా పక్కన కూర్చోండి. చాలు."

"చూద్దాంలే" అన్నాడు.

గురువారం పొద్దున్నే బీరువా తీసి తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. పెళ్ళిరోజుకని ఆవిడే ముచ్చటపడి కొన్న చొక్కా అది. ఇన్నాళ్ళూ మడత విప్పకుండా అలాగే పడుంది.

పదిగంటలకల్లా ఆసుపత్రిలో ఉన్నారు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి బొత్తాలు సర్దుకుంటున్నాడు. చొక్కా భుజాల దగ్గర కాస్త వదులైంది. ఆవిడ ఎంతసేపటికీ అటు చూడలేదు.

"మొత్తానికి తీసుకొచ్చారే. మీవారి పేరేంటండి?" అంది కౌన్సెలరు.

సత్యకుమారి సిగ్గుపడినట్టు తల దించుకుంది. మొగుడి పేరు నోటితో చెప్పడం వాళ్ళిళ్ళలో అలవాటు లేదు. ఈ రోజుల్లో కూడానా అని నవ్వింది ఆ అమ్మాయి. ఆమెది కర్నూలు.

"ఉదయభాస్కర్ అండి" అన్నాడు ఆయన, కొంచెం తడబడి.

"మీరు అస్సలు ఒప్పుకోలేదట కదా సార్. ఇప్పుడెందుకు ఒప్పుకున్నారు?"

ఆయన తన చేతులవంకే చూసుకుంటూ నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ఈవిడ మెట్లెక్కుతా మధ్యలో ఆగి, ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుంటారండి. ఫోనేం రాదు. ఊపిరందక అలా నిలబడతారు. ఎవరన్నా చూస్తే బాగోదని. గుళ్ళో కింద కూర్చుంటే లేవలేరని, ప్రసాదం నిలబడే తీసుకుని వచ్చేస్తారు. పెళ్ళిళ్ళకెళ్తే భోజనం చెయ్యకుండానే వచ్చేస్తారండి, తింటుంటే అందరూ ఆకులోకే చూస్తారని. ఆకలితోనే ఇంటికొస్తారు."

కౌన్సెలరు రాసుకోవడం ఆపేసింది.

"భలేవారండీ మీ గోదావరి వాళ్ళు. భార్యక్కూడా ఇంత మర్యాదా?"

ఆయన నవ్వలేదు.

"మరి ఆపరేషనయ్యాక చెకప్‌లకి తరచూ రావాలి. కుదురుతుందా మీకు?"

"మీరెప్పుడు రమ్మంటే అప్పుడు తీసుకొస్తానండి. వానైనా, వరదైనా" అన్నాడు. మళ్ళీ తనే, "ఈవిడ ఆ మెట్లు ఆగకుండా ఎక్కితే చూడాలనుందండి" అన్నాడు.

సత్యకుమారికి ఏడుపు ఆగలేదు. తన గురించి ఒక మనిషి అంతసేపు మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు. అవన్నీ ఎవరూ చూడలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ.

కౌన్సెలరు లేచొచ్చి భుజం మీద చెయ్యేసింది. అదృష్టవంతులండీ అంది. వచ్చే నెల మొదటి వారంలో డేటిచ్చింది.

మెట్లు దిగుతూ ఆవిడ మధ్యలో ఆగింది. ఈసారి ఫోను తియ్యలేదు. ఆయన రెండు మెట్లు కింద నిలబడి, ఊపిరి అందేదాకా ఆగాడు.

గేటు బయటికొచ్చాక ఆ తెల్లచొక్కా విప్పి, జాగ్రత్తగా మడతపెట్టి ఆవిడ చేతికిచ్చి, సీటు కిందనుంచి ఖాకీ చొక్కా తీసి తొడుక్కుని, "ఎక్కండమ్మగారూ" అంటూ గంగయ్య ఆటో స్టార్ట్ చేశాడు.