రెండు ప్రశ్నల దూరం

జాబితా పదకొండింటికి వచ్చింది. ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఆఖరి సీటు నాలుగు వందల యాభై ఒక్క మార్కుల దగ్గర ఆగిపోయింది. అమ్మాయికి వచ్చినవి నాలుగు వందల నలభై నాలుగు.

ప్రశ్నకు నాలుగు మార్కులు. ఇంకో రెండు ప్రశ్నలకు సరైన జవాబు పెట్టి ఉంటే సీటు ఒళ్ళో పడేది. తండ్రి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తుడిస్తే పోవడానికి అదేమన్నా అద్దం మీది మరకా?

పోయినేడు మూడు ప్రశ్నల తేడాతో తప్పిపోయింది. అంతకుముందు ఏడాది నాలుగు. మరీ దూరంగా పోయుంటే ఈపాటికి మాన్పించేవాళ్ళే. ఇంత దగ్గరికొచ్చాక ఎలా మాన్పిస్తారు? ఆలూ లేదు చూలూ లేదు, ఇరుగుపొరుగు మాత్రం అప్పుడే ఆ పిల్లను డాక్టరమ్మా అని పిలుస్తున్నారు.

నిజానికి ఆ సీటు కోసం పిల్లకంటే ఎక్కువగా కాచుకుని ఉన్నది కన్నవాళ్ళు. మూడేళ్ళ కిందట వంటింటి తలుపు మూసుకుని, గొంతు తగ్గించుకుని, ఆలుమగలిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పిల్ల కాలేజీలో చేరేదాకా ఒకే కప్పు కింద ఉండాలి. దాన్ని హాస్టల్లో దింపి వచ్చిన మర్నాడు ఎవరి దారి వాళ్ళది. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది అదొక్కటే. చదువు చెడుతుందని ఆ ముక్క పిల్ల చెవిన పడనివ్వలేదు.

ఒక్క ఏడాదే కదా అనుకున్నారు. అది మూడేళ్ళయి కూర్చుంది. హాలు మధ్యకు బీరువా జరిపి, అటు ఆమె మంచం, ఇటు ఆయన మంచం వేసుకున్నారు. అదేమంటే గురక అని చెప్పారు. బీరువా మీద ఆమె సూట్‌కేసు సర్దిపెట్టే ఉంది. మాటలన్నీ పిల్ల మీదుగానే నడుస్తాయి. గ్యాస్ అయిపోయిందని మీ నాన్నకు చెప్పు, అంటుంది ఆమె. ఆ నాన్న బెత్తెడు దూరంలో చెప్పులు తొడుక్కుంటూ ఉంటాడు.

వేరే చదువేదైనా చూసుకోమని ఇద్దరూ విడివిడిగా నచ్చజెప్పారు. ఫార్మసీ అన్నారు, నర్సింగు అన్నారు. పిల్ల తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంది. పళ్ళ డాక్టరే అవుతుందట, అదీ ప్రభుత్వ కాలేజీలోనే చదువుతుందట.

తండ్రి వాతావరణ ఆఫీసులో వానల లెక్కలు రాసే గుమాస్తా. ఆయన రేపు వాన అంటే జనం గొడుగులు ఇంట్లో పెట్టి బయల్దేరేవారు. కటాఫ్ విషయంలో మాత్రం ఆయన మాటకు తిరుగులేదు. పదేళ్ళ అంకెలు గళ్ళ పుస్తకంలో ఎక్కించి, సీట్లెన్నో రాసేవాళ్ళెందరో చూసుకుని, పరీక్ష ముందురోజు పిల్లకు ఒక అంకె చెప్పేవాడు.

"ఈసారి నాలుగు వందల యాభై రెండమ్మా. అది దాటావంటే గట్టెక్కినట్టే."

పిల్ల ఆ అంకెను రెండుసార్లు పైకి అనుకుని బట్టీ పట్టేది. మూడేళ్ళలో ఆయన అంచనా రెండు మార్కులకు మించి తప్పలేదు. ఆ గర్వం ఆయనకు లేకపోలేదు.

ఇవాళ పొద్దున తల్లి సూట్‌కేసు దింపి తడిగుడ్డతో తుడిచింది. జాబితా చూశాక దాన్ని మళ్ళీ బీరువా మీదికి ఎక్కించింది. తర్వాత కొన్ని నెలలుగా చేయని పని చేసింది. నేరుగా భర్త ముఖంలోకి చూసి మాట్లాడింది.

"ఇంకెన్నాళ్ళండీ?"

"నన్నడిగితే ఏం చెప్పను? కటాఫ్ నా చేతిలో ఉందా?"

ఆయన లేచి కిటికీ తెరిచాడు. కిటికీ నిండా పక్కింటి గోడే.

పిల్ల మాత్రం ఏడవలేదు. మూడు కంచాలు పెట్టి వడ్డించింది. ఫలితాలొచ్చిన రోజున ముగ్గురూ ఒకే బల్ల దగ్గర తింటారు, దాన్ని ఓదార్చాలి కదా. ఆయన మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె తాగింది.

"ఇంకొక్కసారి రాస్తాను," అంది పిల్ల.

ఇద్దరూ సరేనన్నారు.

మర్నాడు తల్లి పోస్టాఫీసులో డ్యూటీకి, పిల్ల కోచింగులో పేరు రాయించుకోవడానికి వెళ్ళారు. ఆయన సెలవు పెట్టాడు. కొంప ముంచిన ఆ రెండు ప్రశ్నలేవో తేల్చాలని పిల్ల పుస్తకాల కట్ట విప్పి, పరీక్ష నుంచి తెచ్చుకున్న ప్రశ్నపత్రం తీశాడు. జవాబుల కీ పక్కన పెట్టుకుని, పిల్ల పెట్టిన టిక్కులు ఒక్కొక్కటీ సరిచూశాడు.

మొదటి పేజీ అంతా ఒప్పే. రెండోదీ అంతే. ఒప్పులు నూట పదకొండుకు చేరగానే ఆగి లెక్కేసుకున్నాడు. వచ్చిన నాలుగు వందల నలభై నాలుగూ అక్కడికే సరిపోయాయి. కానీ ఒప్పులు అక్కడ ఆగలేదు. నూట ఎనభైలో నూట డెబ్బై ఒప్పులు తేలాయి.

ఇన్ని తెలిసిన పిల్ల జవాబు కాగితం మీద సున్నాలు దిద్దలేకపోయిందంటే, హాల్లో చేతులు వణికి ఉంటాయి. సీటు, సీటు అని తామే దాన్ని హడలగొట్టేశారు. తల్చుకుంటే ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకుని, చిత్తు లెక్కలకు వదిలిన ఆఖరి పేజీ తిప్పాడు. అక్కడ, ఏ మాత్రం వణుకు లేని గుండ్రటి అక్షరాలతో, "నాన్న అంకె 452, నూట పదకొండు దిద్ది ఆపేస్తే ఇంకో ఏడాది ముగ్గురం ఒకే ఇంట్లో" అని రాసి ఉంది.