పాటలో పెట్టిన పేరు

"పింఛను కావాలంటే మా ముందు పాడి చూపించాలమ్మా. కళాకారులమని అందరూ అంటారు," అన్నాడు ఆఫీసరు.

గంగాలమ్మ పక్కనే కూర్చున్న మొగుడికేసి చూసింది. జాలరిపేటలో సముద్రం మింగేసినవాళ్ల ఇళ్ల ముందు, మొగుడు ఎర్రన్న జముకు వాయిస్తుంటే నలభై ఏళ్లుగా ఆమె పాడేది ఒక్కటే పాట.

"సచ్చిపోయినోడి పేరెట్టి పాడాల బాబూ. పేరు నేకపోతే పాట నడవదు."

"ఏదో ఒక పేరు పెట్టు. బయట ఇంకా ముప్పైమంది ఉన్నారు."

ఎవరి పేరని పెడుతుంది? పేటలో ఏ పేరు తలుచుకున్నా, ఆ పేరుగలవాడు తెల్లారితే సముద్రం మీద వేటకెళ్లాలి.

ఎర్రన్న జముకు తంతి సవరిస్తూ, "నా పేరెట్టీయే," అన్నాడు మెల్లగా. "నాను వేట మానీసి సేన్నాళ్లయింది కదా."

ఆమె కళ్లు మూసుకుని పాడింది. ఎర్రన్న పేరు వచ్చిన ప్రతిచోటా తాళం తప్పింది. జముకు మాత్రం ఎక్కడా తడబడలేదు.

పాట ఆగాక ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగా పాడావమ్మా. కానీ ఇంటికి ఒక్క పింఛనే. ఇద్దరిలో ఎవరి పేరు రాయమంటారు?"

"దాని పేరే రాయండి బాబూ," అన్నాడు ఎర్రన్న, జముకుని సంచిలో పెట్టుకుంటూ. "నానిప్పుడే పోనాను కదా."