ఒళ్ళు కడిగే మందు

"ఏం కడుగుతావయ్యా నువ్వు? గోరీలో దించేముందు కడుగుతారే, ఆ కడుగుడేగా నీది! నోళ్ళు తెరుచుకుని వింటున్న మీకూ ఉంది ఈ పాపంలో పాలు!"

బుధవారం సంతలో, గొర్రెల దొడ్డి పక్కన గుండ్రంగా నిలబడ్డ జనం గిరుక్కున వెనక్కి తిరిగారు. ఎవరో ఆడమనిషి. ముఖానికి కండువా చుట్టుకుంది. కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు.

ఆ ఆడమనిషి, ఇత్తో, అరవాలని రాలేదు. మెల్లగా ఒక్క మాట అడిగి పోదామనే ఆసుపత్రి నుంచి టాక్సీ పట్టుకుని కొండ దిగింది. మంచం మీది మనిషి కూడా, ఇంకా మాట ఉన్నప్పుడు, అదే బతిమాలింది. "ఆయన నోటికాడ కూడు తీయకు తల్లీ. నలుగురిలో ఏమీ అనకు. ఏం కలిపాడో కనుక్కుని రా, చాలు."

తీరా వచ్చేసరికి మూలికల బాస్సూ మైకులో మోగిపోతున్నాడు. "మా ఇంట్లో తాగనిదే మీకు అమ్మను! చలికాలమంతా మింగిన కొవ్వు, ఒంట్లో పేరుకున్న విషం, ఒక్క గ్లాసుతో కడిగేస్తుంది!" ఆ మాట చెవిన పడ్డాక ఇత్తోకు ఒళ్ళు తెలియలేదు.

బాస్సూ మైకు దించి ఆమె కళ్ళలోకి చూశాడు. ఒక్క క్షణమే. మళ్ళీ మైకు ఎత్తాడు.

"ఎవరమ్మా నువ్వు? నిన్నెప్పుడూ చూడలేదే!"

జనం నవ్వారు.

"చూడలేదా?"

"సంతకొచ్చే అందరి మొహాలూ గుర్తుంటాయా? పైగా నీదేమో మూసుకుని ఉందాయె!"

"పక్క సంత మూలికలవాడు పంపి ఉంటాడులే," అన్నాడు గాడిదను పట్టుకున్న ముసలి హమ్మూ. "పిల్లా, ఈయన మందు తాగే నా మోకాళ్ళు లేచాయి. అంతకుముందు నన్ను లేపాలంటే ఇద్దరు మనుషులు కావాల్సొచ్చేది."

"ఇప్పుడు ఒక గాడిద చాలు," అంది పొట్లం చేతబట్టుకున్న ఫాద్మా. మళ్ళీ నవ్వులు.

"నవ్వండి, బాగా నవ్వండి!" అంది ఇత్తో. "ఈ మందు తాగి అక్కడొక మనిషి పడి ఉంది. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. పేరు పెట్టి పిలిచినా పలకడం లేదు. ఒళ్ళు కడిగే మందు తాగిందంటే డాక్టరమ్మ తల కొట్టుకుంది. కడిగే పని కాలేయానిది, మూత్రపిండాలదిరా దేవుడా అంది. కూలి అడక్కుండా పగలూ రాత్రీ అవే కడుగుతున్నాయంట. నువ్వు ఆ కడిగేవాళ్ళనే చంపుతున్నావు!"

"డాక్టర్లు!" బాస్సూ జనం వైపు తిరిగాడు. "అన్నీ అవే కడుక్కునేటట్టయితే వాళ్ళు బస్తాల కొద్దీ మాత్రలెందుకు రాస్తున్నారు? ఇది మా తాతల నాటి మందు. వాంతి అయిందా, మంచిదే. విషం బయటికి పోతోందన్నమాట!"

"నిజమే, నిజమే," అన్నారు జనం. బతికితే మందు గొప్ప, కక్కితే విషం పోయింది. ఇలాంటి వాదానికి ఓటమెక్కడిది?

"ఆమెకూ అదే చెప్పావు," అంది ఇత్తో. "అందుకే వాంతి అవుతుంటే సంతోషపడి ఇంకో గ్లాసు తాగింది."

తాగిందెవరని అడుగుతాడేమోనని చూసింది. ముసలిదా, పడుచుదా, ఏ ఊరు, ఏదో ఒక్క ముక్క. అడగలేదు. వేర్ల సంచి మూతి బిగించుకుంటున్నాడు.

"ఒక్కటి చెప్పు. అందులో అద్దాద్ వేరు పడిందా?"

నవ్వులు ఆగిపోయాయి. ఆ పేరు ఆ కొండల్లో ఎరగనివాళ్ళు లేరు. బాలింతకు దానితో పొగ వేస్తారు గాని నోట్లో పెట్టరు. తినే ముళ్ళదుంప అనుకుని నమిలిన పిల్లల్ని మట్టిలో పెట్టిన ఇళ్ళున్నాయి. ఎండబెట్టి నలగ్గొడితే రెంటికీ తేడా తెలియదు.

"తోబా, తోబా! అద్దాద్ కలిపే మనిషినా నేను?"

"కలిపావని అనలేదు. పడిందా అన్నాను. ఈసారి వేర్లు నువ్వు తవ్వలేదు. కొండెక్కే ఓపిక లేక ఎవరి దగ్గరో కొన్నావు."

"అది నీకెలా తెలుసు?" అన్నాడు హమ్మూ.

ఇత్తో కండువా ఇంకాస్త పైకి లాక్కుంది. బాస్సూ తల వంచుకుని పొట్లాలు సర్దుతున్నాడు.

ఫాద్మా తన పొట్లాన్ని బల్ల మీద పెట్టేసింది. "చెప్పవయ్యా బాస్సూ. ఇలాంటిది ఇంకోటి ఉంది మా ఇంట్లో."

బాస్సూ మైకు చేత్తో మూసి ముందుకు వంగాడు. "పో ఇక్కణ్ణుంచి. సంత అయ్యాక మాట్లాడదాం."

"సంత అయ్యేదాకా ఆమె ఉండదు." ఇత్తో గొంతు తగ్గింది. "ఏ వేరో తెలియకుండా వైద్యం చేయడమంటే గుడ్డిదాన్ని నూతిలో దింపడమే అంది డాక్టరమ్మ. నా చెవిలో చెప్పు. ఇక్కడెవరికీ చెప్పను. పోతాను."

అతను ఆమెను చూశాడు. జనాన్ని చూశాడు. వరసగా పేర్చిన పొట్లాలను చూశాడు. మైకు ఎత్తాడు.

"విన్నారా! మందు గుట్టు చెవిలో చెప్పాలంట! అల్లా సాక్షి, ఈ మనిషెవరో నేనెరగను. ఎవరైనా పోలీసుల్ని పిలవండి!"

"నడువమ్మా, చాల్లే," అంటూ హమ్మూ చేతికర్ర అడ్డం పెట్టాడు.

ఇత్తో ఆ కర్రను పక్కకు తోసింది. పొట్లాల మీదుగా వంగి మైకు లాక్కుంది.

"నాన్నా, అమ్మకు పోసిన మందులో ఏ వేరు పడిందో చెప్పు."