అంబులెన్స్ జీపు

రిటైరైన మిలటరీ డ్రైవరు షెడ్డులో కూర్చుని, తను నడిపిన జీపులన్నిటికీ అరచేతిలో పట్టే నమూనాలు చేసేవాడు. వైర్‌లెస్ జీపు, మెషిన్‌గన్ జీపు ఇట్టే అయిపోయాయి. అంబులెన్స్ జీపుకు మాత్రం ఏళ్ల తరబడి చెయ్యి రాలేదు. అందులోనే ఒక కుర్ర సిపాయి దారిలో ప్రాణం వదిలాడు.

ఒక రాత్రి మనసు గట్టి చేసుకుని దాన్నీ పూర్తిచేశాడు. తడి రంగు మీద దుమ్ము పడకుండా ఫ్యాను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో సన్నటి మూలుగు వినబడింది. వంగి చూస్తే, స్ట్రెచర్ మీద పరిచిన గుడ్డముక్క ఊపిరి తీసుకుంటున్నట్టు మెల్లగా లేచి పడుతోంది.

"అన్నా, ఇంకా ఎంత దూరం?"

కుర్రాడు అప్పుడూ ఇదే అడిగాడు. బండి తోలే తొందరలో తను బదులే చెప్పలేదు.

"వచ్చేశాం తమ్ముడూ. నేనున్నాగా," అంటూ వేలిని స్ట్రెచర్ పక్కన పెట్టాడు.

ఆ వేలిని ఏదో చిన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.