కార్తీకంలో ఆపిన మాత్ర

యాభై దాటినవాళ్ళందరికీ సున్నం పట్టిన గుండె కవాటం తీసేసి లోహపుది పెట్టడం మొదలయ్యాక, ఆ వీధిలో గడియారాలు ఎవరూ కొనడం లేదు. మనుషులే టిక్కుటిక్కుమంటారు. అత్త వరహాలమ్మ ఏ గదిలో ఉందో కోడలు హేమకి చూడకుండానే తెలుస్తుంది.

పోలి పాడ్యమి నాడు పొద్దున్నే కాలవలో దీపాలు వదిలి వచ్చి, వరహాలమ్మ వంటింటి గడప పక్కన కూర్చుంది. వెనక్కి తిరిగి చూసేదాకా ఆమె వచ్చినట్టు హేమకి తెలియలేదు.

“ఎప్పుడొచ్చినారత్తా? సప్పుడే నేదు!”

“గుండె సప్పుడు మెత్తబడిందే. నాలుగు రోజుల్నించీ తగ్గుతా వచ్చి, ఇయ్యాల ఇనబడ్డమే నేదు. పేణానికి హాయిగా ఉంది.”

హేమ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. “రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర యేసుకుంతన్నారా?”

“ఆ గొట్టం మాత్ర పైతొడుగు ఎముకల్తో సేస్తారంట కదే. కార్తీకమాసం నీసు ముట్టనని తెల్దేటి? నిన్నటితో నేమం అయిపోనాది. ఇప్పుడియ్యి, యేసుకుంతాను.”

హేమ పరుగున మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. వరహాలమ్మ నవ్వుతూ కుడిచెయ్యి చాపింది. వేళ్ళు ముడుచుకోలేదు. గ్లాసు జారిపోయింది. నవ్వు మూతికి ఒక పక్కనే నిలిచిపోయింది.

గచ్చు మీద నీళ్ళు పారాయి. గోడ అవతల పక్కింటాయన గుండె టిక్కుటిక్కుమంటూనే ఉంది.